రక్తంలో కాల్షియం సరిగ్గానే ఉన్నప్పుడు, ఫాస్ఫేట్ పెరిగితే రక్తనాళాల్లో సున్నం ఎందుకు పేరుకుంటుంది?

ప్రశ్న: తెల్లగీతలు

మా అన్నయ్యకు 43 ఏళ్లు. ఆరేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నాడు. గత నెలలో జారి, చేతిమీద బరువు పడేలా పడిపోవడంతో మణికట్టుకు ఎక్స్-రే తీశారు. ఎముక విరగలేదు. కానీ ఆ ఫిల్ములో ముంజేతి నుంచి బొటనవేలి వైపుగా రెండు సన్నని తెల్లని గీతలు పక్కపక్కనే, రైలు పట్టాల మాదిరిగా వంపు తిరుగుతూ సాగిపోయి కనిపించాయి. అవి ఎముకలు కావన్న సంగతి నాకు కూడా తెలిసిపోయింది. ఎక్స్-రే చూసిన వైద్యులు "అది ధమని, దాని గోడలో సున్నం పేరుకుంది, ఫాస్ఫేట్ ఎక్కువగా ఉంటే ఇలాగే అవుతుంది" అని చెప్పి, మేము మరో మాట అడిగేలోపే తరువాతి రోగిని పిలిచారు.

ఇంటికి వచ్చాక పాత రిపోర్టులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఫాస్ఫరస్ (రిపోర్టులో ఫాస్ఫేట్‌ను ఈ పేరుతోనే రాస్తారు) 7.3 ఉంది, అంతకుముందు నెలల్లో కూడా 6కు తగ్గిన సందర్భం లేదు. పీటీహెచ్, అంటే పారాథైరాయిడ్ హార్మోను, 610 ఉంది. కాల్షియం మాత్రం 9.1, అంటే రిపోర్టులో ఇచ్చిన పరిధికి నడిమధ్యలో ఉంది. నాకు అంతుపట్టనిది ఇక్కడే. పేరుకున్నది కాల్షియం అయినప్పుడు, రక్తంలో కాల్షియం సాధారణంగానే ఉన్నప్పుడు, తప్పు ఫాస్ఫేట్‌ది ఎలా అవుతుంది? పైగా ఫాస్ఫేట్ తగ్గడానికని అన్నయ్య భోజనంతో పాటు వేసుకునే బిళ్లలు కాల్షియం కార్బొనేట్ బిళ్లలే. సున్నం పేరుకుంటున్న మనిషికి మళ్లీ సున్నమే పెడుతున్నామా? ఇప్పటికైనా ఫాస్ఫేట్‌ను దారికి తెస్తే ఆ తెల్లగీతలు చెరిగిపోతాయా? తెలిసినవారు కొంచెం వివరంగానే చెప్పండి. అర్థం కాకపోతే మళ్లీ అడుగుతాను.

సమాధానం: పాతపలక

నేను చాలా ఏళ్లు శరీరధర్మశాస్త్రం బోధించాను; వైద్యం చేసేవాణ్ణి కాను. కనుక మందుల విషయం ఇతరులకు వదిలి, జరిగేది ఎలా జరుగుతుందో మాత్రం చెబుతాను.

మనం వాడుకలో సున్నం అనీ, కాల్షియం అనీ అంటున్నది ఒట్టి కాల్షియం కాదు. అది హైడ్రాక్సీఅపటైట్ అనే స్ఫటికం. అందులో ప్రతి పది కాల్షియం అయాన్లకు ఆరు ఫాస్ఫేట్ అయాన్లు ఉంటాయి. ఎముకకూ పంటికీ గట్టితనాన్ని ఇచ్చే ఖనిజం కూడా ఇదే. రెండు సరుకులు కలిస్తేనే తయారయ్యే వస్తువు కనుక, ఒకటి మామూలుగా ఉన్నా రెండోది పెరిగితే తయారీ పెరుగుతుంది. ఇక 9.1 అన్న అంకె గురించి చెప్పాలంటే, శరీరంలోని కాల్షియంలో దాదాపు 99 శాతం ఎముకల్లో ఉంటుంది. రక్తంలో కనిపించేది ఖజానా గుమ్మం దగ్గర రాలిన చిల్లర లాంటిది. ఆ చిల్లర లెక్క తప్పకుండా చూసే పని పారాథైరాయిడ్ హార్మోనుది. అవసరమైతే అది ఎముకను తవ్వి అయినా రక్తంలోని అంకెను నిలబెడుతుంది. ఆ తవ్వకంలో కాల్షియంతో పాటు ఫాస్ఫేట్ కూడా బయటపడుతుంది. మూత్రపిండాలు పనిచేసే మనిషిలో అది మూత్రంలో కొట్టుకుపోతుంది. మీ అన్నయ్యగారిలో దానికి ఆ దారి మూసుకుపోయింది. కాబట్టి రిపోర్టులో 9.1 ఉన్నంత మాత్రాన శరీరంలో కాల్షియం ఎక్కడ ఉండాలో అక్కడే ఉందని అనుకోవడానికి వీల్లేదు.

అసలు ఆశ్చర్యపడవలసిన విషయం మరొకటి ఉంది. ఆరోగ్యవంతుడి రక్తంలో కూడా కాల్షియం, ఫాస్ఫేట్‌లు రెండూ అపటైట్ స్ఫటికం ఏర్పడటానికి సరిపడేంత ఉంటాయి. అయినా మనమంతా రాళ్లుగా మారిపోకపోవడానికి కారణం, ఆ స్ఫటికాన్ని ఎక్కడికక్కడ అడ్డుకునే కాపలా ఒకటి శరీరంలో నిరంతరం పనిచేస్తూ ఉండటమే. కాలేయం తయారుచేసే ఫెట్యుయిన్-ఎ అనే ప్రోటీన్, అప్పుడే పుడుతున్న ఖనిజపు నలుసులను చుట్టుముట్టి, కాల్సిప్రోటీన్ కణికలనే చిన్న చిన్న మూటలుగా కట్టి, అవి ఎక్కడా అతుక్కోకుండా మోసుకుపోతుంది. పైరోఫాస్ఫేట్ అనే చిన్న అణువు స్ఫటికం పెరిగే అంచును మూసివేస్తుంది. మెగ్నీషియం కూడా కొంత అడ్డుపడుతుంది. రక్తనాళం గోడలోనే తయారయ్యే మాట్రిక్స్ గ్లా ప్రోటీన్ అన్నిటికంటె దగ్గరి కాపలాదారు. విటమిన్-కె లేకపోతే అది పనిలోకి దిగలేదు. ఈ ప్రోటీన్ జన్యువును తీసివేసిన ఎలుకలు రెండు నెలలలోపే ధమనులు సున్నపుగొట్టాలై, పగిలి చనిపోయాయని 1997లో చూపించారు. ఫాస్ఫేట్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఈ కాపలాకు ఊపిరి సలపదు. మూటలు కట్టే ఫెట్యుయిన్ తరిగిపోతుంది, కట్టిన మూటలు కూడా మెత్తని రూపం నుంచి గట్టి స్ఫటిక రూపానికి మారి, తామే రక్తనాళానికి హాని చేయడం మొదలుపెడతాయి.

ఇక రెండో సగం. ఒకప్పుడు ఈ పేరుకోవడాన్ని నీళ్ల పైపులో గార పట్టడంతో పోల్చి చెప్పేవారు. నేను కూడా చాలాకాలం తరగతిలో అలాగే చెప్పాను. కాల్షియం అంకెను ఫాస్ఫరస్ అంకెతో గుణిస్తే 55 దాటకూడదన్న పాత సూత్రం ఆ ఆలోచన నుంచి వచ్చినదే. (మీ రిపోర్టు ప్రకారం ఆ లబ్ధం 66 దాటుతుంది.) ఆ పోలిక చాలదని గట్టిగా చూపినది 2000లో ప్రచురితమైన ఒక ప్రయోగం. మనిషి బృహద్ధమని నుంచి తీసిన నునుపు కండర కణాలను గాజుపాత్రలో పెంచి, ఒక పాత్రలో ఫాస్ఫేట్‌ను లీటరుకు 1.4 మిల్లీమోళ్ల దగ్గర ఉంచారు, మరోదానిలో 2 మిల్లీమోళ్లకు పెంచారు. రిపోర్టుల భాషలో చెప్పాలంటే ఒకటి 4.3, మరొకటి 6.2. మొదటి పాత్రలో ఏమీ జరగలేదు, రెండోదానిలో ఖనిజం పేరుకుంది. అంతేకాదు, రెండో పాత్రలోని కణాల్లో రంక్స్-2 అనే జన్యువూ, ఆస్టియోకాల్సిన్ అనే ప్రోటీనూ పెరిగాయి. ఈ రెండూ ఎముకను కట్టే కణాల గుర్తులు. కణం ఉపరితలం మీద ఉండే పిట్-1 అనే ద్వారం గుండా ఫాస్ఫేట్ లోపలికి చేరి, ముడుచుకుంటూ సాగుతూ ఉండవలసిన కండర కణానికి తన వృత్తిని మరిపించి, ఎముక పని నేర్పుతున్నదన్నమాట. ఈ రెండు రకాల కణాల మూలాలు పిండదశలో దగ్గరివే కనుక ఆ మార్పు మనకు కనిపించినంత వింతైనది కాదు.

అలా మారిన కణం తన చుట్టూ చిన్న చిన్న బుడగలను విడుదల చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కణం విడిచే బుడగల్లో పైన చెప్పిన కాపలా ప్రోటీన్లు నిండి ఉంటాయి కనుక అవి ప్రమాదం చేయవు. అలసిపోయిన కణం విడిచే బుడగల్లో ఆ రక్షణ ఉండదు, ఖనిజం మాత్రం ఉంటుంది. ఆ బుడగ తొలి స్ఫటికానికి ఊయల అవుతుంది. కొన్ని కణాలు చనిపోయి, వాటి శకలాలు కూడా స్ఫటికాలకు ఆనుడు అవుతాయి.

మీరు చూసిన రైలు పట్టాల గురించి ఒక్క మాట. ధమని గోడకు మూడు పొరలు ఉంటాయి. కొవ్వు పేరుకుని లోపలి పొరలో మచ్చలు మచ్చలుగా సున్నం ఏర్పడటం ఒక రకం. అది దారిని ఇరుకు చేస్తుంది. మధ్య పొరలో, కండర కణాలు ఉండే చోట, చుట్టూ కంకణంలాగా సున్నం పట్టడం మరో రకం. దీన్ని 1903లో వర్ణించిన జర్మన్ వైద్యుడు మంకెబెర్గ్ పేరుతో పిలుస్తారు. గొట్టం గోడ చుట్టూ సున్నం ఉన్నప్పుడు ఎక్స్-రేలో రెండు అంచులే దట్టంగా పడతాయి కనుక, మీకు జంట గీతలు కనిపించాయి. ఫాస్ఫేట్‌తో ఎక్కువ చుట్టరికం ఉన్నది ఈ రెండో రకానికే. ఇందులో దారి మూసుకుపోవడం కంటె గోడ బిగుసుకుపోవడమే పెద్ద నష్టం. గుండె కొట్టినప్పుడల్లా సాగి, ఆ ఒత్తిడిని కొంత దాచుకుని, గుండె విశ్రమించే క్షణంలో తిరిగి ఇవ్వవలసిన గోడ ఆ పని మానేస్తుంది. అందువల్ల పై రక్తపోటు పెరుగుతుంది, కింది రక్తపోటు పడిపోతుంది, ఎడమ జఠరిక గోడ దళసరి అవుతుంది. గుండెకు రక్తం అందించే ధమనులు ప్రధానంగా గుండె విశ్రమించే వేళలోనే నిండుతాయి కాబట్టి, కింది రక్తపోటు పడిపోవడం గుండెకు రెండో దెబ్బ.

సమాధానం: సూదిమొన

డయాలసిస్ యూనిట్లో పనిచేస్తాను. పాతపలక గారు చెప్పిన శాస్త్రం తరువాత, మంచం పక్కన మేము రోజూ చూసే లెక్క ఒకటి చెబుతాను. ఇది అర్థమైతే ఫాస్ఫేట్ ఎందుకు దిగదో అర్థమవుతుంది.

మనిషి రోజుకు తినే ఆహారంలో సుమారు 1,000 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ ఉందనుకుందాం; చాలామంది అంతకంటె ఎక్కువే తింటారు. అందులో 60 నుంచి 70 శాతం పేగు పీల్చుకుంటుంది. అంటే వారానికి 4,200 నుంచి 4,900 మిల్లీగ్రాములు రక్తంలోకి చేరుతాయి. నాలుగు గంటల డయాలసిస్ ఒక్కసారికి తీయగలిగేది 800 నుంచి 1,000 మిల్లీగ్రాములు, వారానికి మూడుసార్లకు మహా అయితే 3,000. మిగిలినది ఎక్కడికీ పోదు. యంత్రం సరిగ్గా పనిచేయక ఇలా అవుతోందని కొందరు మాతో వాదిస్తారు గానీ, చిక్కు యంత్రంలో లేదు. ఫాస్ఫేట్ ఎక్కువభాగం ఎముకల్లోనూ కణాల లోపలా ఉంటుంది. రక్తంలో ఉన్నదాన్ని మొదటి గంట, రెండు గంటల్లో యంత్రం లాగేస్తే, ఆ తరువాత కణాల నుంచి అది నెమ్మదిగానే బయటికి వస్తుంది, డయాలసిస్ ముగిసిన కొద్ది గంటల్లో మళ్లీ రక్తంలో నిండుతుంది. అందుకే రాత్రంతా నెమ్మదిగా సాగే డయాలసిస్ చేయించుకునేవారిలో ఫాస్ఫేట్ బాగా దిగుతుంది, మామూలు నాలుగు గంటల్లో దిగదు. వచ్చిన నాలుగు గంటల్లో అరగంట ముందే సూదులు తీయించుకుని వెళ్లిపోయేవారికి ఈ విషయం ఎన్నిసార్లు చెప్పినా చాలదు.

ఆ మిగులును పేగులోనే పట్టి ఆపడానికే బిళ్లలు. వాటి పని ఆహారంలోని ఫాస్ఫేట్‌ను పేగులోనే బంధించి మలంతో పంపేయడం. అందువల్ల భోజనం మధ్యలో వేసుకున్న బిళ్ల పనిచేస్తుంది, రెండు గంటల తరువాత గుర్తొచ్చి వేసుకున్న బిళ్ల దాదాపు వృథా. పైగా కాల్షియం బిళ్ల అయితే, బంధించడానికి ఫాస్ఫేట్ దొరకని వేళ వేసుకున్నప్పుడు అందులోని కాల్షియం ఒంటికి పట్టే అవకాశం పెరుగుతుంది. మీ ప్రశ్నలోని భయం అక్కడ న్యాయమైనదే. కాల్షియం కార్బొనేట్‌లో 40 శాతం బరువు కాల్షియమే. సెవెలమర్, లాంథనమ్, ఇనుముతో చేసిన బిళ్లలు కాల్షియం లేనివి. ఏది, ఎంత అన్నది మీ నెఫ్రాలజిస్టు (మూత్రపిండ వైద్యుడు) నిర్ణయించాలి; దయచేసి ఇది చదివి మీరే ఆపేయకండి, ఒక్కసారిగా ఆపితే ఫాస్ఫేట్ ఇంకా ఎగబాకుతుంది.

తిండి విషయంలో ఒక్కటే చెబుతాను. ఫాస్ఫరస్ అంతా ఒకే తీరుగా ఒంటికి పట్టదు. గింజల్లోనూ పప్పుల్లోనూ ఉండేది ఎక్కువగా ఫైటేట్ రూపంలో ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైమ్ మన పేగులో లేదు కనుక సగం కూడా పట్టదు. మాంసం, పాల వంటి వాటిలోనిది సుమారు సగం పడుతుంది. తయారుచేసిన ప్యాకెట్ ఆహారంలోనూ, ముదురు రంగు కోలా పానీయాల్లోనూ కలిపే ఫాస్ఫేట్ లవణాలు, ఫాస్ఫారిక్ ఆమ్లం మాత్రం 90 శాతానికి పైగా పట్టేస్తాయి. చాలా ప్యాకెట్ల మీద ఫాస్ఫరస్ ఎంత ఉందో రాయరు. పదార్థాల పట్టికలో ఫాస్ఫేట్ అన్న పదం కోసం వెతకండి. లేదా 338 నుంచి 341 వరకూ, 450 నుంచి 452 వరకూ ఉన్న సంకలిత సంఖ్యల కోసం చూడండి. పప్పులన్నీ మానేసి, మాంసకృత్తులు తగ్గి, మనిషి చిక్కిపోవడం కంటె ఈ ప్యాకెట్లు మానేయడం ఎంతో మేలు.

రక్తపరీక్ష గురించి కూడా తెలుసుకోండి. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలితే వాటి లోపలి ఫాస్ఫేట్ సీరంలో కలిసి అంకె అబద్ధంగా పెరుగుతుంది. గొట్టంలో పైకి తేలిన ద్రవం లేత పసుపు రంగులో ఉండాల్సింది గులాబీ రంగులో కనిపిస్తే మేము మళ్లీ తీస్తాం. రెండు రోజుల విరామం తరువాత తీసిన రక్తంలో అంకె కొంచెం ఎక్కువగానే ఉంటుంది. కాబట్టి ప్రతినెలా ఒకే రోజున, డయాలసిస్‌కు ముందు తీసిన అంకెలనే ఒకదానితో ఒకటి పోల్చండి. మీ అన్నయ్యగారికి మాత్రం నెలల తరబడి 6 పైనే ఉంది కనుక దాన్ని పరీక్షలో పొరపాటు అనలేం.

ప్రశ్న అడిగినవారు: తెల్లగీతలు

ఇద్దరికీ కృతజ్ఞతలు. రైలు పట్టాలు ఎందుకు జంటగా పడ్డాయో ఇప్పుడు అర్థమైంది. అన్నయ్య రక్తపోటు తరచుగా 180కి 60 ఉంటుంది. పైది ఎక్కువ, కిందిది తక్కువ ఎందుకని ఎవరినీ అడగలేదు. మధ్యాహ్నం బిళ్ల పనిచేసే చోట మరచిపోయి, సాయంత్రం ఇంటికి వచ్చాక వేసుకుంటాడని కూడా నిన్ననే ఒప్పుకున్నాడు. ఒక్క ప్రశ్న మిగిలింది. ఫాస్ఫేట్‌ను 5 దగ్గరికి తెస్తే, ఉన్న సున్నం కరుగుతుందా, లేక కొత్తది చేరడం మాత్రమే ఆగుతుందా? అలా ఆగుతుందనడానికి మనుషుల్లో రుజువు ఉందా?

సమాధానం: అడ్డుప్రశ్న

ఈ చివరి ప్రశ్నకు నిజాయితీగా చెప్పవలసిన సమాధానం కొంచెం నిరుత్సాహంగానే ఉంటుంది. నేను మూత్రపిండ వ్యాధుల విభాగంలో పనిచేసే వైద్యుణ్ణి. పాతపలక గారు చెప్పిన కథ చక్కగా ఉంది. నా అభ్యంతరమల్లా అది అవసరానికి మించి సాఫీగా ఉందనే.

మొదట కణాల సంగతి. 2000 నాటి ప్రయోగంలో ఫాస్ఫేట్ కణంలోకి వెళ్లకుండా ఫాస్ఫోనోఫార్మిక్ ఆమ్లం అనే మందుతో అడ్డుకుంటే సున్నం పేరుకోలేదు; కనుక కణంలోకి చేరిన ఫాస్ఫేటే దోషి అన్నారు. అదే మందు కణాలతో పనిలేకుండానే, పైరోఫాస్ఫేట్ మాదిరిగా, స్ఫటికాన్ని నేరుగా అడ్డుకోగలదని 2009లో మరొకరు చూపించారు. అంటే ముందు స్ఫటికం పడి, దాన్ని చూసి కణం మారిందా, లేక ముందు కణం మారి, ఆ తరువాత స్ఫటికం పడిందా అన్నది అంత తేలిగ్గా తేలే తగువు కాదు. రెండూ కలిసి జరుగుతాయని నా అభిప్రాయం. పాత గార సిద్ధాంతాన్ని పూర్తిగా పారవేయడం కూడా తొందరపాటే.

రెండోది, కాల్షియాన్ని నిర్దోషిగా వదిలేయకూడదు. పిల్లల నుంచి శస్త్రచికిత్సల్లో తీసిన చిన్న ధమని ముక్కలను ఎక్కువ ఫాస్ఫేట్, ఎక్కువ కాల్షియం ఉన్న ద్రవంలో ఉంచి చూశారు. ఆరోగ్యవంతులైన పిల్లల ధమనులు తట్టుకున్నాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారివి, అందులోనూ డయాలసిస్ మీద ఉన్నవారివి, తట్టుకోలేకపోయాయి. ఫాస్ఫేట్‌కు కాల్షియం కూడా తోడైనప్పుడు సున్నం మరీ ఎక్కువగా చేరింది. దీన్నిబట్టి, ఫాస్ఫేట్ ఒక్కటే వచ్చి గోడను పాడుచేయదనీ, జబ్బుతో ఏళ్లుగా బలహీనపడిన గోడ మీదనే దాని దెబ్బ పనిచేస్తుందనీ తెలుస్తుంది. వయసు, మధుమేహం, ఒంట్లో సద్దుమణగని వాపు (ఇన్‌ఫ్లమేషన్) కూడా ఆ బలహీనతలో పాలు పంచుకుంటాయి. మీ అన్నయ్యగారు ఇంతకాలం డయాలసిస్ మీద ఉండటం ఎంత బరువైన విషయమో చెప్పడానికి 2000లోనే వచ్చిన మరో పరిశీలన చాలు. చిన్నతనం నుంచి మూత్రపిండాల జబ్బు ఉండి డయాలసిస్ చేయించుకుంటున్న యువతకు గుండె సీటీ తీస్తే, ఇరవై ఏళ్లలోపు వారెవరికీ గుండె ధమనుల్లో సున్నం కనిపించలేదు. 20 నుంచి 30 ఏళ్ల మధ్యనున్న 16 మందిలో 14 మందికి కనిపించింది.

ఇక చికిత్స. ఫాస్ఫేట్ ఎక్కువగా ఉన్నవారిలో గుండెజబ్బులూ మరణాలూ ఎక్కువని పరిశీలనల్లో మళ్లీ మళ్లీ తేలింది. దాన్ని ఎవరూ కాదనరు. ఫాస్ఫేట్‌ను తగ్గిస్తే అవి తగ్గుతాయా అన్నది వేరే ప్రశ్న. డయాలసిస్ మీద ఉన్న 200 మందిలో జరిపి 2002లో ప్రచురించిన ప్రయోగంలో కాల్షియం బిళ్లలు వాడినవారికి ఏడాదిలో సున్నం పెరిగింది, సెవెలమర్ వాడినవారికి అంతగా పెరగలేదు. అది చూసి అందరం సంతోషించాం. కానీ 2007లో రెండు వేల మందికి పైగా పాల్గొన్న పెద్ద ప్రయోగంలో ఆ రెండు మందుల మధ్య మొత్తం మరణాల్లో చెప్పుకోదగిన తేడా రాలేదు. జపాన్‌లో లాంథనమ్‌నూ కాల్షియం కార్బొనేట్‌నూ పోల్చి 2021లో ప్రచురించిన ప్రయోగంలో కూడా గుండె సంబంధిత ఘటనల్లో తేడా లేదు. ఇంకా డయాలసిస్ దాకా రాని, ఫాస్ఫేట్ ఇంచుమించు సాధారణంగా ఉన్న 148 మందికి బిళ్లలు ఇచ్చి చూసిన 2012 నాటి ప్రయోగంలో, ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవారి కంటె అసలు బిళ్ల వేసుకున్నవారికే ధమనుల్లో సున్నం ఎక్కువగా పెరిగింది. 2020లో లాంథనమ్‌తో 96 వారాలు నడిపిన మరో ప్రయోగంలో ధమనుల బిగుసుతనంలో మార్పు కనిపించలేదు.

ఇవన్నీ చెప్పి ఫాస్ఫేట్‌ను వదిలేయమనడం నా ఉద్దేశం కాదు. 7.3 అన్నది వదిలేసే అంకె కానే కాదు. 2017 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా పెరిగిన ఫాస్ఫేట్‌ను సాధారణ స్థాయి వైపు దించమనీ, పెద్దవారిలో కాల్షియం ఉన్న బిళ్లల మోతాదును పరిమితం చేయమనీ సూచిస్తున్నాయి. మీ అన్నయ్యగారికి ధమనుల్లో సున్నం ఎక్స్-రేలోనే కనిపిస్తున్నది కనుక, కాల్షియం లేని బిళ్లకు మారడం గురించి మీరు అడగడం సబబే. పీటీహెచ్ 610 గురించి కూడా విడిగా అడగండి. అది ఎముక నుంచి రెండు ఖనిజాలనూ తవ్వి తెస్తూ ఉంటే ఒక్క బిళ్లలతో ఫాస్ఫేట్ దిగదు. దానికి ఇచ్చే విటమిన్-డి మందులు పేగులో కాల్షియంతో పాటు ఫాస్ఫేట్ పీల్చుకోవడాన్ని కూడా పెంచుతాయి కనుక, ఆ మోతాదును ఫాస్ఫేట్‌తో కలిపి చూడాలి. వారు ఒకవేళ రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతుంటే ఆ సంగతి కూడా గుర్తుచేయండి. అది విటమిన్-కెను అడ్డుకుంటుంది కాబట్టి, పైన చెప్పిన కాపలా ప్రోటీన్ చతికిలబడుతుంది. ఆ మందును కూడా సొంతంగా ఆపకూడదు.

ఇక మీరు అడిగిన దానికి: ఇప్పటికే గట్టిపడిన సున్నాన్ని కరిగించి తీసేసే చికిత్స నిలకడగా రుజువు కాలేదు. మూత్రపిండ మార్పిడి జరిగి ఫాస్ఫేట్ పూర్తిగా దారికి వచ్చినవారిలో కూడా పాత సున్నం సాధారణంగా అలాగే ఉంటుంది, పెరుగుదల మాత్రం మందగిస్తుంది. కాబట్టి ఆ గీతలు చెరిగిపోతాయని మీ అన్నయ్యగారికి మాట ఇవ్వకండి.

సమాధానం: పాతపలక

అడ్డుప్రశ్న గారి దిద్దుబాటును ఒప్పుకుంటున్నాను. ఫాస్ఫోనోఫార్మిక్ ఆమ్లం గురించిన రెండో ప్రయోగాన్ని నేను ప్రస్తావించి ఉండవలసింది. ఒక్కటి మాత్రం చేర్చాలి. మూత్రపిండం నెమ్మదించిన తొలి దశల్లో రక్తంలో ఫాస్ఫేట్ అంకె ఏళ్ల తరబడి మామూలుగానే ఉంటుంది. ఎముక కణాలు ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోనును అంతకంతకూ ఎక్కువగా విడుదల చేసి, మిగిలిన మూత్రపిండంతో ఎక్కువ పని చేయించి, ఆ అంకెను మామూలుగా ఉంచుతాయి. ఆ హార్మోను మాట మూత్రపిండానికి వినపడాలంటే క్లోతో అనే ప్రోటీన్ కావాలి. జబ్బుతో పాటు అది తరిగిపోతుంది. క్లోతో లోపించిన ఎలుకలను 1997లో జపాన్‌లో వర్ణించారు. వాటికి ఫాస్ఫేట్ పెరిగి, ధమనుల్లో సున్నం పట్టి, అకాల వార్ధక్యం వచ్చింది. ఫాస్ఫేట్ తక్కువ ఉన్న మేత పెడితే వాటి పరిస్థితి మెరుగుపడింది. కనుక డయాలసిస్ దాకా వచ్చి, అంకె 7 దాటాక మొదలుపెట్టిన చికిత్స పెద్ద ఫలితం చూపకపోతే, ఫాస్ఫేట్‌కు దోషం లేదని నేను అనుకోను. గోడ అప్పటికే ఎంతకాలంగా నానుతున్నదో ఆ ప్రయోగాలు కొలవలేదు.

సమాధానం: సూదిమొన

180కి 60 అన్నారు కాబట్టి ఒక మాట. గోడ గట్టిపడిన ధమనిని చేతిపట్టీ పూర్తిగా నొక్కలేక, పై రక్తపోటును ఉన్నదానికంటె ఎక్కువగా చూపించవచ్చు. డయాలసిస్ సూదుల కోసం చేసిన ఫిస్టులా (ధమనినీ సిరనూ కలిపిన చోటు) లేని చేతికి పట్టీ బిగించి, నాడి ఆగిపోయేదాకా గాలి నింపిన తరువాత కూడా మణికట్టు దగ్గర ధమని గట్టి తాడులాగా వేలికి తగులుతూ ఉంటే మేము ఆ సంగతి రాసి పెడతాం. అలాంటివారికి ఆ అంకెను మాత్రమే నమ్మి రక్తపోటు మందు పెంచితే, డయాలసిస్ మధ్యలో కళ్లు తిరిగి పడిపోతారు. చీలమండ దగ్గర కొలిచే రక్తపోటుతో కూడా ఇదే తిప్పలు. చీలమండకూ చేతికీ మధ్య నిష్పత్తి 1.3 దాటిందంటే కాలికి రక్తం బాగా అందుతోందని సంబరపడకూడదు.

ప్రశ్న అడిగినవారు: తెల్లగీతలు

నిన్న డయాలసిస్ దగ్గర సిస్టర్‌ను అడిగి పట్టీ వేయించాం. ఫిస్టులా అన్నయ్యకు ఎడమచేతికి ఉంది కనుక కుడిచేతికి వేశారు. ఎక్స్-రే తీసినది కూడా ఆ చేతికే. నాడి ఆగిపోయాక ఆమె నా వేలు పట్టుకుని అన్నయ్య మణికట్టు మీద పెట్టింది. కొట్టుకోవడం లేదు గానీ ధమని చర్మం కింద అటూ ఇటూ దొర్లుతూ, లోపల పుల్ల ఉన్నట్టుగా తగిలింది. ఆమె దాన్ని ఫైల్లో రాసింది. మధ్యాహ్నపు బిళ్లలను చిన్న డబ్బాలో పోసి అన్నం డబ్బా మూతకే కట్టి పంపుతున్నాను. శుక్రవారం నెఫ్రాలజిస్టును కలుస్తున్నాం. కాల్షియం లేని బిళ్ల గురించీ, పీటీహెచ్ గురించీ, నాలుగు గంటలను నాలుగున్నర చేయగలరేమోననీ అడగాలని కాగితం మీద రాసుకున్నాను. వార్ఫరిన్ వాడటం లేదు, చూశాను. వారు ఏమన్నారో మళ్లీ ఇక్కడే రాస్తాను.